స్టాటిస్టిక్స్‌ని కళ్లతో చూస్తూ నేర్చుకోవడం ఎలా: నాణెం నుంచి పీ-వాల్యూ దాకా

"ఫార్ములాలన్నీ వచ్చు. లెక్క ఇస్తే చేసేస్తాను. కానీ స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏంటో చెప్పమంటే నోరు పెగలదు." డిగ్రీ పిల్లలు, ఎంబీఏ చదివేవాళ్లు, ఉద్యోగం చేస్తూ డేటా సైన్స్ కోర్సులో చేరినవాళ్లు అందరూ మళ్లీ మళ్లీ అడిగేది ఇదే. వీళ్లంతా పదో తరగతిలో సగటు, మధ్యగతం, బాహుళకం చేసినవాళ్లే. ఇంటర్‌లో విస్తరణ కొలతలు, సంభావ్యత దాటి వచ్చినవాళ్లే. లోపం తెలివిలో లేదు. స్టాటిస్టిక్స్ మాట్లాడేది "ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తే ఏమవుతుంది" అన్న ప్రశ్న గురించి. పాఠ్యపుస్తకంలో మాత్రం ఆ పని ఒక్కసారే జరుగుతుంది: ఒక్క శాంపిల్, ఒక్క సగటు, ఒక్క జవాబు. వెయ్యిసార్లు జరిగితే ఎలా ఉంటుందో చూడకపోతే ఆ ఫార్ములా ఎక్కడినుంచి ఊడిపడిందో అంతు చిక్కదు.

ఆ వెయ్యిసార్లనీ అర నిమిషంలో చూపించేవే ఇంటరాక్టివ్ డెమోలు. బటన్ నొక్కితే నాణెం ఎగురుతుంది, స్లైడర్ జరిపితే గ్రాఫ్ మారుతుంది. మంచివి ఉచితంగానే దొరుకుతాయి. అయితే వాటిని ఏ వరసలో చూడాలో, చూసేటప్పుడు ఏం చేయాలో తెలియక చాలామంది ఒక సాయంత్రం అన్నీ తెరిచి, "బాగున్నాయి" అనుకుని మూసేస్తారు. ఈ గైడ్ రాసింది అందుకే.

ఏమేం కావాలి

బ్రౌజర్ ఉన్న కంప్యూటర్ ఉంటే మంచిది. ఫోన్‌లో కూడా చాలావరకు నడుస్తాయి. ఫోన్‌ని అడ్డంగా తిప్పి పట్టుకోండి, లేకపోతే పక్కపక్కన ఉండాల్సిన గ్రాఫులు ఒకదాని కిందొకటి పడి పోలిక పోతుంది.

సీయింగ్ థియరీ: అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో డేనియల్ కునిన్ డిగ్రీ చదువుతుండగా మొదలుపెట్టిన వెబ్‌సైటు. నాణెం, పాచికలతో మొదలై రిగ్రెషన్ (చుక్కల మధ్య బాగా సరిపోయే గీత గీయడం) దాకా ఆరు అధ్యాయాలు.

ఫెట్: కొలరాడో యూనివర్సిటీలో 2002లో మొదలైన సిమ్యులేషన్ల ప్రాజెక్టు. మొదలుపెట్టింది భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్. మనకు ఇందులో కావాల్సింది ప్లింకో ప్రాబబిలిటీ, అంటే మేకులు కొట్టిన బల్లమీద గోలీలు వదిలే డెమో.

స్టాట్‌కీ: శాంపిళ్లు తీయడం, గ్రూపులు కలిపి మళ్లీ పంచడం లాంటివి చుక్కచుక్కగా చూపిస్తుంది. చూడ్డానికి సాదాగా ఉంటుంది కానీ, నా లెక్కలో పీ-వాల్యూ అర్థం కావడానికి దీన్ని మించింది లేదు.

స్ప్రెడ్‌షీట్: ఎక్సెల్, గూగుల్ షీట్స్, లిబ్రేఆఫీస్, ఏదైనా పర్వాలేదు. నెట్ సరిగ్గా రాని ఊళ్లో ఉంటే ఎక్సెల్ గానీ లిబ్రేఆఫీస్ గానీ ఒక్కటి ఉన్నా ఈ గైడ్‌లో చాలా భాగం చేసుకోవచ్చు.

ఒక రూపాయి నాణెం, ఎనిమిది కాగితం చీటీలు, ఒక నోటుబుక్కు, పెన్ను. నోటుబుక్కు లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు. కారణం కిందే ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక నియమం

నోటుబుక్కులో పేజీని మూడు నిలువు భాగాలు చేయండి: "అనుకున్నది", "వచ్చింది", "తేడా ఎందుకు". ఏ బటన్ నొక్కేముందైనా మొదటి భాగంలో మీ అంచనా రాయండి. సంఖ్య రాయగలిగితే సంఖ్య, లేకపోతే గ్రాఫ్ ఎలా ఉంటుందో చేత్తో గీత. ఆ తర్వాతే నొక్కండి.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. తెరమీద ఫలితం కనిపించిన మరుక్షణం "ఆ, నేనూ ఇదే అనుకున్నా" అనిపిస్తుంది. నిజానికి ఏమీ అనుకుని ఉండరు. కాగితం మీద రాసి ఉంటే మీ అంచనా ఎక్కడ తప్పిందో ఎదురుగా కనిపిస్తుంది. నేర్చుకునేది ఆ తప్పిన చోటే.

ఇంకొకటి: ఒకేసారి రెండు స్లైడర్లు కదపొద్దు. గ్రాఫ్ మారింది దేనివల్లో తెలియకుండా పోతుంది.

1. సగటును లాగి చూడండి

స్ప్రెడ్‌షీట్‌లో ఒక చిన్న దుకాణంలో పనిచేసే ఐదుగురి జీతాలు వేల రూపాయల్లో వేయండి: 12, 14, 15, 16, 18. పక్కన సగటు, మధ్యగతం, స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) లెక్కగట్టే ఫంక్షన్లు పెట్టండి. సగటు 15, మధ్యగతం 15 వస్తాయి.

ఇప్పుడు 18 ఉన్న గడిలో 118 వేస్తే ఏమవుతుందో నోటుబుక్కులో రాసి, వేయండి. సగటు 35కి ఎగబాకుతుంది. ఐదుగురిలో నలుగురి జీతం అందులో సగం కూడా లేదు. మధ్యగతం 15 దగ్గరే ఉంటుంది, ఇసుమంత కూడా కదలదు. "సగటు జీతం ఇంత" అని ఎవరైనా చెబితే మధ్యగతం ఎంత అని ఎందుకు అడగాలో ఈ ఒక్క గడి మార్చడంతో తెలిసిపోతుంది.

మళ్లీ 18 వేసి స్టాండర్డ్ డీవియేషన్ చూడండి. కొందరికి 2 వస్తుంది, కొందరికి 2.24 వస్తుంది. రెండూ తప్పు కాదు. సగటు నుంచి దూరాలు 3, 1, 0, 1, 3. వాటి వర్గాల మొత్తం 20. దాన్ని 5తో భాగిస్తే 4, వర్గమూలం 2. 4తో భాగిస్తే 5, వర్గమూలం 2.24. మీ దగ్గరున్న ఐదుగురే మొత్తం లోకం అయితే 5తో భాగించాలి. ఇంకా పెద్ద గుంపు నుంచి తీసిన శాంపిల్ అయితే 4తో. స్ప్రెడ్‌షీట్‌లో ఈ రెండింటికీ వేరు వేరు ఫంక్షన్లు ఉంటాయి: చివర పీ ఉన్నది మొత్తానికి, ఎస్ ఉన్నది శాంపిల్‌కి. పరీక్షలో జవాబు "దగ్గరదగ్గరగా వచ్చి సరిపోకపోవడం" చాలాసార్లు దీనివల్లే.

ఎక్కువమంది చేసే పొరపాటు స్టాండర్డ్ డీవియేషన్ అంటే "సగటు నుంచి సగటు దూరం" అనుకోవడం. పై దూరాలు కూడి ఐదుతో భాగిస్తే 1.6 వస్తుంది, 2 రాదు. వర్గాలు చేస్తున్నాం కాబట్టి దూరంగా ఉన్నవాళ్ల బరువు పెరుగుతుంది. 118 వేసినప్పుడు అది దాదాపు 41.5కి దూకేది అందుకే.

సరిచూసుకోండి: ఐదుగురికీ 5 వేలు పెంచితే సగటు 5 పెరగాలి, స్టాండర్డ్ డీవియేషన్ మారకూడదు. అందరి జీతం రెట్టింపు చేస్తే రెండూ రెట్టింపు కావాలి. నొక్కకముందే ఈ రెండూ చెప్పగలిగితే ముందుకెళ్లండి.

2. నాణెం ఎగరేయండి, మొదట చేత్తో

రూపాయి నాణెం ఇరవైసార్లు నిజంగా ఎగరేసి బొమ్మ, బొరుసు వరసగా రాసుకోండి. ఎన్ని బొమ్మలు పడ్డాయో కాకుండా, ఒకటే వరసగా గరిష్ఠంగా ఎన్నిసార్లు పడిందో చూడండి. ఆ తర్వాతే సీయింగ్ థియరీ మొదటి అధ్యాయంలోని నాణెం తెరవండి. అక్కడ వంద నాణేలు ఒకేసారి ఎగరేసే బటన్ ఉంటుంది.

ముందు రాయాల్సిన అంచనా: వందసార్లు ఎగరేస్తే ఎక్కడో ఒకచోట ఒకే ముఖం వరసగా ఐదుసార్లు పడే అవకాశం ఎంత? చాలామంది పదో ఇరవయ్యో శాతం అంటారు. అసలు జవాబు దాదాపు 97 శాతం. యాదృచ్ఛికం అంటే బొమ్మ-బొరుసు-బొమ్మ-బొరుసు అని బుద్ధిగా మారుతూ పోవడం కాదు, గుంపులు గుంపులుగానే పడుతుంది.

ఇక్కడే ఇంకో పెద్ద అపోహ ఉంది. "ఎక్కువసార్లు ఎగరేస్తే బొమ్మలు సగానికి వచ్చేస్తాయి, కాబట్టి ఐదు బొమ్మలు పడ్డాక బొరుసు పడాలి" అనుకోవడం. నాణేనికి జ్ఞాపకం లేదు. సగానికి చేరేది నిష్పత్తి మాత్రమే. సంఖ్యలో తేడా మామూలుగా పెరుగుతూనే పోతుంది. వందసార్లకు బొమ్మల సంఖ్య 50 నుంచి ఐదు అటూ ఇటూ ఊగడం మామూలు. పదివేలసార్లకు 5,000 నుంచి యాభై అటూ ఇటూ ఊగడం మామూలు. ఐదు యాభై అయింది కానీ, వందలో ఐదు అంటే 5 శాతం, పదివేలలో యాభై అంటే అర శాతం.

దీన్ని ఒకాయన చేత్తోనే చేసి చూపించాడు. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితజ్ఞుడు జాన్ కెర్రిచ్ నాణేన్ని 10,000 సార్లు ఎగరేయించి లెక్క రాశాడు. పడిన బొమ్మలు 5,067. తేడా 67 ఉంది, నిష్పత్తి మాత్రం 0.5067. డెమోలో గ్రాఫ్ చూసేటప్పుడు ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన రాసుకుంటూ వెళ్లండి. చాలా డెమోలు నిష్పత్తినే గీసి చూపిస్తాయి, తేడా పెరగడం కంటికి కనిపించదు. నోటుబుక్కులో మీరే రాసుకోవాలి.

డెమో లేకపోతే స్ప్రెడ్‌షీట్‌లో ర్యాండ్‌బిట్వీన్ ఫంక్షన్‌కి 0, 1 ఇచ్చి వెయ్యి గడుల్లోకి కిందికి లాగండి. 1ని బొమ్మ అనుకోండి. ఎక్సెల్, లిబ్రేఆఫీస్‌లో ఎఫ్9 నొక్కితే మళ్లీ ఎగరేసినట్టే. గూగుల్ షీట్స్‌లో ఒక చెక్‌బాక్స్ పెట్టి టిక్ కొడుతూ తీస్తూ ఉండండి, ప్రతిసారీ కొత్త సంఖ్యలు పడతాయి.

3. ప్లింకోలో గోలీలు వదలండి

ఇది త్వరగా అయిపోతుంది. ఫెట్‌లో ప్లింకో ప్రాబబిలిటీ తెరిచి, వరసలు 10, సంభావ్యత 0.5 పెట్టండి. ప్రతి మేకు దగ్గరా గోలీ కుడికో ఎడమకో పడుతుంది. పది వరసలంటే మొత్తం 1,024 దారులు, మధ్య గడికి చేరేవి 252, రెండు కొసలకూ చెరొక్కటి. వంద గోలీలు వదిలితే మధ్యలో ఎన్ని? పాతికకు అటూ ఇటూగా రావాలి. నలభై వచ్చిందంటే వరసలు పది కంటే తక్కువ పెట్టి ఉంటారు, ఒకసారి చూసుకోండి.

తర్వాత సంభావ్యత 0.3 చేయండి. గుట్ట పక్కకు జరుగుతుంది, ఆకారం కూడా ఒకవైపు వాలుతుంది. ప్రపంచంలో ప్రతిదీ గంట ఆకారంలో ఉంటుందని ఈ బల్ల చూసి అనుకోవద్దు. చిన్న చిన్న కారణాలు చాలా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కలిసినప్పుడే ఆ ఆకారం వస్తుంది. జీతాలు, ఇళ్ల ధరలు, ఆసుపత్రి బిల్లులు అలా ఉండవు.

4. శాంపిళ్ల సగటులు: ఇక్కడ ఎక్కువసేపు ఉండండి

మొత్తం గైడ్‌లో ఒక్క మెట్టుకే సమయం ఉంటే ఇదే చేయండి. విశ్వాస అంతరం (నిజమైన సగటును పట్టుకోవడానికి శాంపిల్ నుంచి కట్టే పరిధి), పీ-వాల్యూ రెండూ దీనిమీదే నిలబడ్డాయి. ఇది సరిగ్గా పట్టుకోనివాళ్లకు ఆ రెండూ ఎన్నిసార్లు చదివినా జారిపోతాయి.

స్టాట్‌కీలో సగటుకి శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అనే భాగం తెరవండి. తెరమీద మూడు గ్రాఫులుంటాయి. ఏది ఏమిటో నోటుబుక్కులో రాసుకోకుండా బటన్ ముట్టుకోవద్దు.

మొదటిది మొత్తం జనాభా. ఇందులో ఒక్కో చుక్క ఒక్కో మనిషి లేదా వస్తువు. నిజ జీవితంలో ఇది మనకు ఎప్పుడూ కనిపించదు, డెమోలో మాత్రమే కనిపిస్తుంది.

రెండోది ఇప్పుడు తీసిన ఒక్క శాంపిల్. ఇందులోనూ ఒక్కో చుక్క ఒక్కో మనిషి.

మూడోది శాంపిళ్ల సగటులు. ఇందులో ఒక్కో చుక్క ఒక మనిషి కాదు, ఒక పూర్తి శాంపిల్ సగటు.

ఈ మూడోదాన్ని రెండోదానితో కలిపేసుకోవడమే స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదిలో ఎక్కువమందిని ముంచే పొరపాటు. అందుకే మొదట ఒక్కొక్క శాంపిలే తీయండి. రెండో గ్రాఫులో చుక్కలు మారడం, సగటు గీత పడటం, ఆ సగటు మూడో గ్రాఫులో ఒక్క చుక్కగా దిగడం కళ్లతో వెంటాడండి. పది, పదిహేనుసార్లు అలా చేసి, అప్పుడు వెయ్యి శాంపిళ్ల బటన్ నొక్కండి. మొదటే వెయ్యి నొక్కితే ఒక గుట్ట కనిపిస్తుందే గానీ అది దేనితో కట్టిన గుట్టో తెలియదు.

తర్వాతి పొరపాటు: శాంపిల్ సైజు, శాంపిళ్ల సంఖ్య ఒకటే అనుకోవడం. సైజు అంటే ఒక్క శాంపిల్‌లో ఎంతమంది. సంఖ్య అంటే అలాంటి శాంపిళ్లు ఎన్ని తీశాం. సంఖ్య పెంచితే మూడో గ్రాఫు నునుపుగా అవుతుంది, వెడల్పు మారదు. సైజు పెంచితే వెడల్పు తగ్గుతుంది. విడివిడిగా చేసి, రెండుసార్లూ వెడల్పు రాసుకోండి.

దీన్ని మీ చేత్తో కట్టుకుంటే ఇక మరిచిపోరు. స్ప్రెడ్‌షీట్‌లో ఏ నుంచి వై వరకు 25 కాలమ్‌లు, 400 అడ్డవరసలు తీసుకుని, ప్రతి గడిలో 1 నుంచి 6 వరకు ర్యాండ్‌బిట్వీన్ పెట్టండి. పాచిక 10,000 సార్లు వేసినట్టయింది. ఒక్కో అడ్డవరస ఒక శాంపిల్. పక్కన జెడ్ కాలమ్‌లో మొదటి నాలుగు పాచికల సగటు, దాని పక్క కాలమ్‌లో మొత్తం పాతిక పాచికల సగటు వేయండి. ఇప్పుడు ఆ రెండు కొత్త కాలమ్‌లకు హిస్టోగ్రామ్ గీసి, వాటి స్టాండర్డ్ డీవియేషన్లు చూడండి.

రావాల్సినవి ఇవి. రెండింటి సగటూ 3.5 చుట్టూ. ఒక్క పాచిక స్టాండర్డ్ డీవియేషన్ 1.71. నాలుగు పాచికల సగటుకి అందులో సగం, అంటే 0.85 చుట్టూ. పాతిక పాచికల సగటుకి అయిదో వంతు, 0.34 చుట్టూ. నాలుగుకి వర్గమూలం రెండు, పాతికకి అయిదు. శాంపిల్ సగటు ఎంత ఊగుతుందో చెప్పే ఫార్ములాలో, శాంపిల్ సైజు మీద ఉండే వర్గమూలం ఇదే. వెడల్పు సగం కావాలంటే శాంపిల్ నాలుగు రెట్లు కావాలన్నది కూడా ఇక్కడినుంచే వస్తుంది. ఎన్నికల సర్వేలు ఇంకొంచెం కచ్చితంగా చెప్పడానికి అంత ఖర్చెందుకు పెట్టాలో దీంతో తేలిపోతుంది.

మీకు 0.85 బదులు 1.7 వచ్చిందంటే సగటుల కాలమ్‌కి కాక పాచికల గడులకే స్టాండర్డ్ డీవియేషన్ కట్టారు. అంటే మొదటి గ్రాఫునీ మూడో గ్రాఫునీ కలిపేశారు. సరిచేసి మళ్లీ చూడండి.

ఆకారం కూడా గమనించండి. ఒక్క పాచికకు ఆరు కడ్డీలూ సమానంగా ఉంటాయి. నాలుగు పాచికల సగటుకే గంట ఆకారం వచ్చేస్తుంది. "శాంపిల్ 30 ఉంటే చాలు, నార్మల్ (అంటే గంట ఆకారం) అయిపోతుంది" అని క్లాసులో చెప్పే మాట సగమే నిజం. పాచిక లాంటి సమతూకమైన వాటికి ఐదే ఎక్కువ. ఒకవైపు బాగా సాగిన వాటికి, ఉదాహరణకు ఒకరిద్దరు కోటీశ్వరులున్న జీతాల పట్టికకి, 30 చాలకపోవచ్చు. స్టాట్‌కీలో అలా సాగిన డేటా ఎంచుకుని సైజు 5, 30, 100 పెట్టి చూడండి.

ఓపిక ఉంటే ఇంకో కాలమ్: అవే పాతిక పాచికల మధ్యగతం. దాని స్టాండర్డ్ డీవియేషన్ 0.6 పైన వస్తుంది. 3.5ని పట్టుకోవడానికి సగటూ మధ్యగతమూ రెండూ పనికొస్తాయి, కానీ మధ్యగతం దాదాపు రెట్టింపు ఊగుతోంది. అసలు ఒక అంచనా ఎంత తక్కువగా ఊగగలదు, దానికి అడుగు హద్దంటూ ఉందా? ఆ హద్దును 1945లో చూపించినవారు మన సి. ఆర్. రావు. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినవారు. క్రామర్-రావు హద్దు అని పై తరగతుల్లో కష్టమైన ఫార్ములాగా ఎదురయ్యేది మీరిప్పుడు పక్కపక్క కాలమ్‌ల్లో చూసిన ప్రశ్నకు జవాబే. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చినప్పుడు ప్రస్తావించిన పని కూడా ఇదే.

5. విశ్వాస అంతరం: గీత కదలదు, అంతరాలే కదులుతాయి

సీయింగ్ థియరీలో ఫ్రీక్వెంటిస్ట్ ఇన్ఫరెన్స్ అధ్యాయంలో కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఉంది. 95 శాతం పెట్టి శాంపిళ్లు తీస్తూ పోండి. నిజమైన సగటు ఒక గీతగా స్థిరంగా ఉంటుంది. ఒక్కో శాంపిల్‌కీ ఒక్కో అంతరం పుట్టుకొస్తుంది. కొన్ని గీతను తాకవు, అవి రంగు మారి కనిపిస్తాయి.

వంద అంతరాలు వచ్చేదాకా ఆగి, తాకనివి లెక్కపెట్టండి. సరిగ్గా ఐదే రావాలని లేదు. రెండు నుంచి ఎనిమిది దాకా రావడం మామూలే. పదిహేను వస్తే ఏదో సెట్టింగ్ మారింది.

"నిజమైన సగటు ఈ అంతరంలో ఉండే అవకాశం 95 శాతం" అని పరీక్షలో రాసేవాళ్లు ఎంతమందో. తెరమీద చూడండి: గీత ఎక్కడికీ పోవట్లేదు. మీ చేతిలో ఉన్న ఆ ఒక్క అంతరం గీతను తాకి ఉంటుంది, లేదా ఉండదు. 95 శాతం అన్నది ఆ అంతరాన్ని తయారుచేసే పద్ధతి గురించి. ఆ పద్ధతిని మళ్లీ మళ్లీ వాడితే వందలో 95 సార్ల దాకా తాకుతుందని అర్థం.

స్లైడర్ 99కి జరిపితే అంతరాలు ఇరుకవుతాయా, వెడల్పవుతాయా? ముందు రాయండి. ఇరుకవుతాయని రాసినవాళ్లు "ఎక్కువ నమ్మకం అంటే ఎక్కువ కచ్చితం" అని అనుకున్నారు. తప్పకూడదంటే వల పెద్దది వేయాలి కాబట్టి వెడల్పే అవుతాయి.

6. పీ-వాల్యూ: ఎనిమిది చీటీలతో

కంప్యూటర్ కాసేపు పక్కనపెట్టండి. ఇంగ్లండ్‌లో గణాంకవేత్త ఆర్. ఎ. ఫిషర్ ఎదుట ఒకావిడ, కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనంది. ఎనిమిది కప్పులు, నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. మన ఇళ్లలో అన్నీ కలిపే మరిగిస్తాం కాబట్టి రెండు రకాల టీపొడితో చేయండి. ఇంట్లో "నాకు తేడా తెలుస్తుంది" అనేవాళ్లు ఒకరుంటారుగా, వాళ్లనే కూర్చోబెట్టండి. నాలుగు కప్పులు ఒక పొడితో, నాలుగు ఇంకోదానితో అని వాళ్లకు ముందే చెప్పాలి. ఏ కప్పు ఏదో మీరు కాగితం మీద రాసుకోండి, వాళ్లకు కనిపించకూడదు.

వాళ్లు మొదటి రకం అని చూపించిన నాలుగు కప్పుల్లో మూడు సరైనవి అనుకుందాం. గొప్పేనా?

చీటీలతో చూద్దాం. నాలుగింటిమీద "ఒకటి", నాలుగింటిమీద "రెండు" అని రాసి, మడిచి, కలిపి, కళ్లు మూసుకుని నాలుగు తీయండి. "ఒకటి" ఎన్ని వచ్చాయో రాయండి. చీటీలకు రుచి తెలియదు కాబట్టి ఇది ఏమీ తెలియనివాళ్లు ఊహించి చెప్పినట్టు. ముప్పైసార్లు తీయండి. మూడుగానీ నాలుగుగానీ సరిపోయినవి ఎన్నిసార్లు? ఏడెనిమిది సార్ల దాకా రావచ్చు. కచ్చితమైన లెక్క ఇది: ఎనిమిదిలో నాలుగు ఎంచుకునే విధాలు 70. నాలుగూ సరిపోయేది 1, మూడు సరిపోయేవి 16. మొత్తం 17, అంటే 24 శాతం. అది మూడుకి పీ-వాల్యూ. నాలుగూ సరిగ్గా చెబితే 70లో 1, అంటే 1.4 శాతం. మూడుకి మెచ్చుకోనక్కర్లేదు, నాలుగుకి ఆగి ఆలోచించాలి.

ఇప్పుడు స్టాట్‌కీలో ర్యాండమైజేషన్ టెస్ట్ తెరవండి. అక్కడ కంప్యూటర్ చేసేది ఈ చీటీల పనే. రెండు గ్రూపుల విలువలను కలిపి, మళ్లీ పంచి, తేడా రాసి, వేలసార్లు తిరిగి చేస్తుంది. మీ అసలు తేడా అంత లేదా అంతకు మించి వచ్చిన చుక్కల వాటాయే పీ-వాల్యూ.

"పీ 0.03 వచ్చింది కాబట్టి తేడా లేకపోయే అవకాశం 3 శాతం" అనే మాట వింటుంటాం. తప్పు. తెరమీది ప్రతి చుక్కా తేడా ఏమీ లేదనుకునే పుట్టించినది. ఆ ఊహ నిజమయ్యే అవకాశం ఎంతో ఆ చుక్కలు చెప్పలేవు. ఆ ఊహే నిజమైతే ఇలాంటి ఫలితం ఎంత అరుదో అంతే చెబుతాయి.

ఒక హెచ్చరిక. చిన్న పీ వచ్చేదాకా గ్రూపులు మార్చి మార్చి చూడటం డెమోలో సరదాగానే ఉంటుంది, ప్రాజెక్టులో చేస్తే మోసం. అసలు తేడాయే లేని చోట ఇరవై వేర్వేరు పరీక్షలు చేస్తే కనీసం ఒకదానికి 0.05 కంటే తక్కువ వచ్చే అవకాశం 64 శాతం.

7. సహసంబంధం: సంఖ్య చూసే ముందు బొమ్మ చూడండి

గెస్ ది కోరిలేషన్ అనే ఉచిత ఆట ఉంది. చుక్కల బొమ్మ చూపించి సహసంబంధం, అంటే రెండు కొలతలు ఎంత కలిసి కదులుతున్నాయో చెప్పే సంఖ్య, ఎంతో ఊహించమంటుంది. పావుగంట ఆడితే 0.3కీ 0.6కీ తేడా కంటికి అలవాటవుతుంది. మొదట్లో దాదాపు అందరూ తప్పు చెబుతారు, కంగారు పడొద్దు.

తర్వాత స్ప్రెడ్‌షీట్‌లో ఇది చేయండి. ఒక కాలమ్‌లో 8 పదిసార్లు వేసి, చివర 19 వేయండి. పక్క కాలమ్‌లో వరసగా: 6.58, 5.76, 7.71, 8.84, 8.47, 7.04, 5.25, 5.56, 7.91, 6.89, చివర 19 పక్కన 12.50. కోరెల్ ఫంక్షన్ 0.82 చూపిస్తుంది. ఆ సంఖ్య ఒక్కటే చూస్తే గట్టి సంబంధం ఉందనే అంటాం. ఇప్పుడు గ్రాఫ్ గీయండి: పది చుక్కలు ఒకే నిలువు గీతమీద, ఒక్క చుక్క దూరంగా. ఆ చివరి అడ్డవరస చెరిపేస్తే కోరెల్ సంఖ్య చూపించడమే మానేసి, సున్నాతో భాగించలేనని ఎర్రర్ ఇస్తుంది. మొత్తం 0.82 ఆ ఒక్క చుక్కదే.

ఇది గణాంకవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో తయారుచేసిన నాలుగు డేటాల్లో ఒకటి. నాలుగింటికీ సగటులు, సహసంబంధం, రిగ్రెషన్ గీత దాదాపు ఒక్కటే. గీసి చూస్తే ఒకదానికొకటి పోలికే ఉండదు. మిగతా మూడూ వెతికి గీసుకోండి.

అర్థమైందో లేదో తేల్చుకోవడానికి

రెండు రోజులు ఆగి, డెమోలు తెరవకుండా, పుస్తకం చూడకుండా వీటికి జవాబులు రాయండి. జవాబు రాసేశాక మాత్రమే డెమోతో సరిచూడండి.

వెయ్యి శాంపిళ్ల బదులు పదివేలు తీస్తే మూడో గ్రాఫు ఇరుకవుతుందా? (4వ మెట్టు)

ఒక సర్వే 95 శాతం అంతరం 42 నుంచి 48 అని చెప్పింది. దాన్నే 99 శాతానికి మారిస్తే 42 కంటే కిందికి వెళ్తుందా, పైకి వస్తుందా? (5వ మెట్టు)

వందసార్లలో 60 బొమ్మలు పడిన నాణెం, పదివేలసార్లలో 5,100 పడిన నాణెం. ఏది మామూలు నాణెం కాదని ఎక్కువ అనుమానించాలి? (2వ మెట్టు)

మూడింటిలో ఏది తప్పినా ఆ మెట్టుకే తిరిగి వెళ్లండి, మొదటినుంచి అక్కర్లేదు. చివరి ప్రశ్నకు చాలామంది 60 శాతం ఎక్కువ కదా అని మొదటి నాణెం చెబుతారు. రెండింటికీ మామూలు ఊపు ఎంతో చూడండి: ఒకదానికి 5, ఇంకోదానికి 50. వంద మీద పది తేడా, పదివేల మీద వంద తేడా, రెండూ సరిగ్గా రెండు ఊపుల దూరంలోనే ఉన్నాయి. అనుమానం రెండింటిమీదా సమానమే.